ఆదివారం తెరవని గది

కోర్టు కాగితం వచ్చేసరికి పిచ్చుక ఎవరిదో కోటుకు కాజా కుడుతోంది. కవరు మీది ముద్ర చూడగానే సూది వేలికి దిగింది. కోటు యజమాని అదృష్టం బాగుంది, రక్తపు బొట్టు లోపలి అస్తరు మీద పడింది.

పిచ్చుక అన్నది పిన్ని పెట్టిన పేరు. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడుతుందనీ, పిల్ల తుమ్మితే తన నుదురు తడుముకుని చూసుకుంటుందనీ. తొమ్మిదో తరగతిలో చదువు ఆగింది. ఆ తర్వాత పెళ్లి, పిల్ల, ఆ తర్వాత మొగుడుగారు "నీకూ నాకూ పొసగదు" అని తేల్చి వేరే వీధిలో గది చూసుకోవడం, అన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. ఇప్పుడు తనూ, కూతురు చిట్టీ, పిన్నీ కలిసి బట్టలు సరిచేసే దుకాణం మీది వాటాలో ఉంటున్నారు. కింద దుకాణంలో ఆమెది కాజాలూ, జిప్పులూ, ఊడిన అంచులూ కుట్టే పని.

కాగితంలో ఉన్నది ఇదీ. పిల్లను ప్రతి ఆదివారం పొద్దున కోర్టు ఆవరణలోని పిల్లల గదికి తీసుకొచ్చి తండ్రికి చూపించమని కోర్టు ఆదేశించింది. తల్లి ఒక్క ఆదివారమూ తీసుకురాలేదు. తండ్రి మాత్రం ఆ గదిలో కూర్చుని, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసి, బరువెక్కిన గుండెతో ఇంటికి వెళ్లాడు. తల్లి కోర్టు మాటను పూచికపుల్లలా తీసిపారేసింది కాబట్టి ధిక్కారం కింద ఆమెను శిక్షించాలి.

"బరువెక్కిన గుండెట!" అంది పిన్ని. "ఆదివారం పదకొండయితే గానీ మంచం దిగని వాడికి గుండె ఎప్పుడు బరువెక్కిందే? పడుకుని ఉంటే పక్క మీద ఎక్కి ఉంటుంది."

పిచ్చుకకు నవ్వు రాలేదు. "పిన్నీ, పిల్లను లాక్కుంటారా?"

"ఎవరు లాక్కుంటారు? నువ్వు ప్రతి వారం వెళ్లావు కదే!"

వెళ్లింది. అదే అసలు తమాషా. కోర్టు మాట అంటే ఆమెకు వణుకు. ప్రతి ఆదివారం చిట్టికి తల దువ్వి, ఇస్త్రీ గౌను తొడిగి, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని బస్సెక్కి కోర్టుకు వెళ్లేది. కోర్టు గేటుకు గొలుసు. గొలుసుకు తాళం. తాళం మీద చీమలు. ఆదివారం కోర్టుకు సెలవు. ఎండెక్కేదాకా గేటు ముందు నిలబడి, ఇక ఎవరూ రారని తేలాక తిరిగి వచ్చేది. సెలవురోజున కలుసుకోవాలని ఆదేశం రాసింది కోర్టే, సెలవని తాళం వేసుకున్నదీ కోర్టే. దేవుడు వరమిచ్చినా పూజారి తలుపు తీయడంటే ఇదేనేమో. అయితే ఇక్కడ దేవుడూ పూజారీ ఒకరే.

మొదటి వారమే ఆమె పని మానుకుని, సోమవారం వెళ్లి గుమాస్తాను అడిగింది.

"ఆదివారం గేటు మూసేసి ఉంటోందండీ."

"ఆదివారం సెలవమ్మా," అన్నాడు గుమాస్తా, ప్రపంచంలోకెల్లా తేలికైన సంగతి చెబుతున్నట్టు.

"ఆదివారమే రమ్మని రాసి ఉందండీ."

"రాసి ఉంటే రావాల్సిందే. ఆర్డరు ఆర్డరే."

"వస్తే గేటు తీసేవాళ్లు ఎవరండీ?"

"ఎవరుంటారు? సెలవు కదా!"

"మరి నేనేం చెయ్యాలండీ?"

"పిటిషను వేసుకో. ఇవాళ కాదు, ఆ సెక్షనాయన సెలవులో ఉన్నాడు."

ఆ మాటతో ఆమె తిరిగి వచ్చి, తర్వాతి ఆదివారం మళ్లీ గేటు ముందు నిలబడింది. మొగుడికి ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తకపోవడం అతనికి పాత అలవాటే.

*

ప్లీడరు గారి గది మెట్ల కింద ఉంటుంది. తల వంచకుండా ఎవరూ లోపలికి రాలేరు, అందుకే క్లయింట్లందరూ తనకు నమస్కారం పెడుతున్నట్టే ఉంటుందాయనకు. పెద్దమనిషి. మంచివాడే. కానీ జడ్జి దగ్గినా "చిత్తం" అనే రకం. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"చూడమ్మా, ధిక్కారం అంటే బ్రహ్మవిద్యేం కాదు. చెయ్యగలిగి ఉండీ, కావాలని చెయ్యకపోవడం. చెయ్యలేకపోతే అది ధిక్కారం కాదు. తేడా తెలిసిందా?"

"తెలిసిందండీ. నేను వెళ్లానండీ. గేటుకు తాళం వేసి ఉంది. లోపలికి వెళ్లలేకపోయాను."

ప్లీడరు గారు తలుపు దగ్గరికి వెళ్లి, బయట ఎవరూ లేరని చూసుకుని, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"పిన్నితో."

"పిన్ని ఫరవాలేదు. జడ్జిగారి ముందు మాత్రం అనకు."

"నిజమే కదండీ?"

"నిజమే తల్లీ, అక్కడే వచ్చింది తంటా! కోర్టు తలుపు తియ్యలేదని కోర్టుతోనే అంటే ఏమవుతుందో తెలుసా? ఆర్డరు పాటించనందుకు ఒక ధిక్కారం ఇప్పటికే ఉందా? కోర్టును తప్పు పట్టినందుకు ఇంకోటి తోడవుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా ఆ గదంటే జడ్జిగారికి ప్రాణం. ఈయన కొత్తగా వచ్చినాయన. గది తెరిపించింది పాతాయనే అనుకో, కానీ 'మా కోర్టులో పిల్లల గది దివ్యంగా నడుస్తోంది' అని పైవాళ్లకు రాసి పంపింది ఈయన. పిల్లి మెడలో గంట ఎవరు కడతారమ్మా? నేనైతే కట్టను. నాకింకా ఇద్దరు ఆడపిల్లలున్నారు."

పిచ్చుక చేతుల్లో సంచి పిడి మెలితిరిగిపోతోంది. "ఫోటో తీస్తే బాగుండేదేమో..."

"తీశావా?" ప్లీడరు గారి ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"లేదండీ. ఆ గేటుకే బోర్డుంది, కోర్టు దగ్గర ఫోటోలు తీస్తే శిక్షిస్తామని. భయమేసి ఫోను సంచిలోంచి బయటికే తియ్యలేదు."

ప్లీడరు గారు కళ్లజోడు కిందికి దించి ఆమెను చూశాడు. కోర్టు మాట ఇంత తు.చ. తప్పకుండా పాటించిన మనిషిని ఆయన తన వృత్తిలో చూసి ఉండడు. అలాంటి మనిషి మీదే ధిక్కారం కేసు పడింది.

"సరే, రెండే దారులు," అన్నాడు. "ఒకటి, బేషరతుగా క్షమాపణ చెప్పేద్దాం. తప్పయింది, ఇకపై చెయ్యను అని."

"చెయ్యని తప్పుకా?"

"క్షమాపణకు తప్పుతో పనేముందమ్మా? అది మర్యాద. కాకపోతే చిన్న చిక్కుంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చే పెద్ద కేసు ముందుంది కదా. రేపు అక్కడ వాళ్ల ప్లీడరు ఈ కాగితం పట్టుకుని లేస్తాడు. 'తండ్రిని చూడనివ్వని తల్లి, తనే ఒప్పుకుంది' అంటాడు. పిల్లను అటు ఇచ్చినా ఇచ్చెయ్యొచ్చు."

పిచ్చుక ముందుకి వంగింది. "రెండోదండీ?"

"జ్వరం."

"ఎవరికి?"

"పిల్లకి. ప్రతి ఆదివారం జ్వరం వచ్చింది, అందుకే తీసుకురాలేకపోయాం. చెయ్యలేకపోవడం కిందికి చక్కగా వస్తుంది. సర్టిఫికెట్ రాసిచ్చే డాక్టరు మనకు తెలిసినాయనే. జ్వరాలకు ఆయన హస్తవాసి మంచిది, ఏ తారీఖు చెబితే ఆ తారీఖుకి వస్తుంది."

పిచ్చుక పిల్లకు లేని జ్వరం గురించి ఆలోచిస్తూ ఇంటికి వచ్చింది. వస్తూనే చిట్టి ఒళ్లు తడిమి చూసింది. చల్లగానే ఉంది. అయినా మనసు పీకుతూనే ఉంది. నోటితో అంటే నిజంగానే వస్తుందేమోనని భయం.

"పిన్నీ, జ్వరమని చెబితే పాపమా?"

"పాపం సంగతి పైవాడు చూసుకుంటాడు. తెలివితక్కువ సంగతి నేను చెప్తాను విను," అంది పిన్ని, ఉల్లిపాయ తరుగుతూ. "ప్రతి ఆదివారం జ్వరమొచ్చే పిల్లను చూసి ఆ జడ్జి ఏమంటాడు? తల్లి సరిగ్గా చూసుకోవట్లేదు, తండ్రికి ఇచ్చెయ్యండి అంటాడు. ఎటు తిరిగినా నీ మెడకే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మీ ప్లీడరు."

"మరేం చెయ్యను?"

"నన్నడుగుతావేంటే? నేనేమైనా కోర్టు చదువు చదివానా? అంత చదివినోళ్లే మెట్ల కింద కూర్చుంటున్నారు."

*

విచారణ రోజున కోర్టు వసారా సంతలా ఉంది. బల్లల మీద ఒకవైపు భార్యలు, ఒకవైపు భర్తలు, మధ్యలో నల్లకోట్లు. ఒకప్పుడు ఒకే కంచం ముందు కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఒకే పంకా గాలి కూడా పంచుకోలేక అటొకరు ఇటొకరు ముఖం తిప్పుకున్నారు. గోడకు అద్దం బిగించిన పెద్ద ఫోటో ఒకటి వేలాడుతోంది. అందులో పాత జడ్జిగారు రిబ్బను కత్తిరిస్తున్నారు. ఆయన వెనక పిల్లల గది: రంగురంగుల గోడలు, చెక్క గుర్రం, చేపల తొట్టి. పిచ్చుక ఆ ఫోటో ముందే నిలబడి ఉంది. ఆ గదిని ఆమె చూసింది ఆ ఫోటోలోనే.

చిట్టిని పిన్ని దగ్గర వదిలి వచ్చింది. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక కొంగు చివర మడతలు పెడుతోంది. ఎదురుగా పిల్ల తండ్రి నీటుగా తయారై వచ్చాడు. కొత్త చొక్కా. ముఖంలో ఎదురుచూపుల అలసట మాత్రం పొద్దున అద్దం ముందు సాధన చేసుకుని వచ్చినట్టుంది. పక్కనే వాళ్ల ప్లీడరు. కుర్రవాడు, చురుకైనవాడు, మాట్లాడేటప్పుడు చెయ్యి గాల్లో గాలిపటంలా ఆడిస్తాడు.

పిలుపు వచ్చింది. లోపలికి వెళ్లారు.

ప్లీడరు గారు ముందే దాఖలు చేసేసిన జ్వరం సర్టిఫికెట్ చూస్తూనే జడ్జిగారు అన్నారు. "ఏమ్మా, ప్రతి ఆదివారం పిల్లకి జ్వరమేనా? వారం వారం వచ్చే జ్వరం నేనెక్కడా వినలేదే."

ప్లీడరు గారు లేచి, "చిత్తం. పిల్ల ఒళ్లు కొంచెం సున్నితమండీ..." అన్నాడు.

"మిమ్మల్ని కాదు, ఆమెను అడిగాను."

పిచ్చుక లేచింది. అవునని ఒక్క మాట అంటే చాలు. కానీ ఎదురుగా కూర్చున్నది పిల్లను ఇవ్వగలవాడు, తీసుకోగలవాడు. ఆయన ముందు పిల్లకు లేని రోగం అంటగట్టడానికి నోరు రాలేదు. ధైర్యంతో కాదు. అబద్ధం చెబితే ఇంకా పెద్ద భయం పట్టుకుంటుందన్న భయంతో.

"జ్వరం లేదండీ," అంది.

ప్లీడరు గారు కుర్చీలో కూలబడ్డాడు.

"లేదా? మరి ఎందుకు తీసుకురాలేదు?"

"తీసుకొచ్చానండీ. ప్రతి ఆదివారం. గేటుకు తాళం వేసి ఉండేదండీ. ఎండెక్కేదాకా చూసి వెళ్లిపోయేవాళ్లం."

టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. బెంచి గుమాస్తా పైకప్పు వైపు చూశాడు, అక్కడేదో అర్జెంటు పని ఉన్నట్టు.

"ఎవరి గేటుకు తాళం?"

"ఇదేనండీ. ఈ కోర్టుదేనండీ."

"అంటే తప్పు కోర్టుదంటావా?"

"అయ్యా, తప్పని అనలేదండీ. తాళం అన్నాను."

ప్లీడరు గారు లేచి, చేతులు జోడించి, "నా క్లయింటు ఉద్వేగంలో ఉందండీ. ఆమె మాటలు పట్టించుకోవద్దు, నావి కూడా పట్టించుకోవద్దు," అన్నాడు.

జడ్జిగారి ముఖం ఎర్రబడింది. పిల్ల తండ్రి వైపు తిరిగారు. "మీరేమంటారు? మీరు వచ్చారా ప్రతి ఆదివారం?"

"వచ్చానండీ," అన్నాడతను. గొంతు కొంచెం వణికించాడు. "ఒక్క వారం కూడా మానలేదు."

"గేటుకు తాళం ఉందా?"

"అబ్బే! తాళమేంటండీ? బార్లా తెరిచి ఉండేది. నేను గదిలోనే కూర్చునేవాడిని, నా బంగారుతల్లి ఎప్పుడొస్తుందా అని."

అక్కడితో ఆపి ఉంటే కథ వేరేలా ఉండేది. కానీ జడ్జిగారి ముఖం మెత్తబడడం అతను చూశాడు. మెత్తబడిన చోట ఇంకో రెండు వేళ్లు పెట్టి నొక్కాలనిపించడం అతని స్వభావం. పిచ్చుకతో కాపురమంతా అలాగే చేశాడు.

"ఎంత చక్కటి గదండీ అది!" అన్నాడు. "మా ఇళ్లల్లో కూడా అంత శుభ్రం ఉండదు. ఆ రంగుల గోడలు, ఆ చెక్క గుర్రం... చేపల తొట్టి పక్కన కూర్చుని చేపలతో మాట్లాడుకునేవాడినండీ. ఎర్ర చేపలు. అవే నా బాధకు సాక్షులు."

జడ్జిగారు వెనక్కి వాలి కూర్చున్నారు. వచ్చినప్పటి నుంచి ఆయన కోర్టు గురించి ఎవరూ ఇంత మంచి మాట చెప్పలేదు. "విన్నావా అమ్మా?" అన్నారు పిచ్చుకతో. "ఇంత చక్కటి గది పెట్టుకుని తాళం వేసుకుంటామా? ఏదీ, ఆ చేపల్ని నేనూ చూడలేదు. పదండి, అందరం వెళ్లి చూద్దాం. ఈమె కూడా కళ్లారా చూస్తుంది."

బెంచి గుమాస్తా ముఖంలో రంగు దిగిపోయింది. "ఇప్పుడా అండీ? ఇంకా కేసులున్నాయండీ..."

"రెండు నిమిషాలేగా."

"తాళం చెవి..."

"తాళం చెవా? బార్లా తెరిచి ఉంటుందని ఆయన చెబుతున్నాడుగా?"

*

ఊరేగింపు వసారాలో కదిలింది. ముందు జడ్జిగారు, వెనక నల్లకోట్లు, వాటి వెనక ఎవరో తెలియని నలుగురైదుగురు, ఏం చూపిస్తున్నారో తెలియకపోయినా ఉచితం కాబట్టి. చివర పిచ్చుక.

గది తలుపుకు తాళం ఉంది. దానికి ఇంత తుప్పు. తాళంచెవుల గుత్తి వచ్చింది, ఒక్కటీ పట్టలేదు. చివరికి ఎవరో సుత్తి తెచ్చి రెండు దెబ్బలు వేస్తే తాళం ఊడి పడింది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. లోపల్నుంచి ఏదో అడ్డం. ఇద్దరు భుజాలతో నెట్టారు.

ముందు దుమ్ము బయటికి వచ్చింది. తర్వాత పాత ఫైళ్ల కట్టలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వచ్చి జడ్జిగారి బూట్ల దగ్గర పడ్డాయి. గది నేల నుంచి కిటికీ దాకా కట్టలే. వాటి మధ్య నుంచి చెక్క గుర్రం చెవులు రెండు మాత్రం పైకి కనిపిస్తున్నాయి, వరదలో మునుగుతూ సాయం అడుగుతున్నట్టు. చేపల తొట్టిలో నీళ్లు లేవు, చేపలూ లేవు. ఎవరికీ అందని సమన్ల కాగితాలు కుక్కి ఉన్నాయి. కిటికీ అద్దం పగిలిన చోటి నుంచి దూరివచ్చిన ఒక పిల్లి, కట్టల మీద పిల్లల్ని పెట్టుకుని కూర్చుని, అందర్నీ చిరాగ్గా చూసింది. ఆ గదిలో తల్లీపిల్లల కలయిక జరుగుతున్నది దానికొక్కదానికే.

ఎవరికో తుమ్ము వచ్చింది.

"చేపలు ఏవండీ?" అన్నారు జడ్జిగారు, మెల్లగా.

పిల్ల తండ్రి ముఖంలో సాధన చేసుకొచ్చిన అలసట ఇప్పుడు నిజంగానే వచ్చింది. "అదీ... నేననుకున్న గది వేరేమో అండీ..."

వాళ్ల ప్లీడరు చేతి గాలిపటం పైకి లేచింది. "నా క్లయింటు శారీరకంగా వచ్చాడని మేం ఎక్కడా పట్టుబట్టడం లేదండీ. ఒక తండ్రి మనసు ఎక్కడుంటే ఆయన అక్కడే ఉన్నట్టు. ఆయన మానసికంగా ప్రతి ఆదివారం ఇక్కడ నిరీక్షించాడు."

"చేపలతో మానసికంగానే మాట్లాడాడా?"

"చిత్తం, అలాగే అనుకోవచ్చు."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే మాట పిన్ని తరచూ అంటుంది. ఆ దూడకు పాలు కూడా పట్టించే మనిషిని పిచ్చుక మొదటిసారి చూసింది.

*

తిరిగి వచ్చి అందరూ ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తుడిచారు. ఆయనకు వచ్చిన కష్టం చిన్నది కాదు. తల్లి తప్పు లేదని రాయాలంటే ఎందుకు లేదో రాయాలి. ఎందుకు లేదో రాస్తే తాళం సంగతి రావాలి. తాళం వస్తే తుప్పు, తుప్పు వెనక కట్టలు, కట్టల వెనక తను పైకి పంపిన రిపోర్టు. తండ్రి అబద్ధమాడాడని రాసినా అదే దారి, ఎందుకంటే అది అబద్ధమని తేల్చింది ఆ తలుపే.

కొంచెంసేపు ఆలోచించి ఆయన టైపు చేసే అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు. "ఇరుపక్షాల మధ్య అవగాహన లోపం వల్ల పిల్ల, తండ్రి కలుసుకోవడం జరగలేదు. ఇకమీదట కోర్టు ఆదేశాలను శ్రద్ధగా పాటించవలసిందిగా ఇరువురినీ హెచ్చరించి, ఈ పిటిషన్ను ముగించడమైనది."

ప్లీడరు గారు వెనక్కి తిరిగి పిచ్చుక వైపు నవ్వాడు. "గట్టెక్కాం," అని పెదవులు కదిపాడు.

పిచ్చుకకు ఆ చివరి మాటలే చెవుల్లో గిర్రున తిరుగుతున్నాయి. ఇరువురినీ హెచ్చరించి. ఆమె ప్లీడరు గారి కోటు చెయ్యి పట్టుకుంది.

"హెచ్చరించడం అంటే తప్పు నాదని కాదాండీ?"

"చిన్న మాటమ్మా, వదిలెయ్. జైలు తప్పింది కదా!"

"రేపు పెద్ద కేసులో దీన్ని చదువుతారని మీరే చెప్పారు."

"అప్పటి సంగతి అప్పుడు..."

ఆ 'అప్పుడు' కోసమే కదా ఆమె నిద్ర మానుకుంది! పిచ్చుక లేచి నిలబడింది. పిలవకుండా లేవడం తప్పని తెలుసు. తెలిసీ లేచింది.

"అయ్యా, నన్ను హెచ్చరించొద్దండీ."

జడ్జిగారు తలెత్తారు. "అది శిక్ష కాదమ్మా."

"తెలుసండీ. కానీ పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చేరోజు దీన్ని చదువుతారు. ఈ తల్లి కోర్టు మాట వినని మనిషి అనుకుంటారు. నేను విన్నానండీ. తీసుకొచ్చాను. గేటు ముందు చిట్టి 'నాన్న లోపలున్నాడా?' అని అడిగేది. వస్తాడు అని చెప్పేదాన్ని. వచ్చిన మనిషినీ రాని మనిషినీ ఒకే తాడుతో కట్టొద్దండీ. తాళం సంగతి రాయకపోయినా ఫరవాలేదు. నేను వచ్చానని రాయండి, చాలు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే మాట సగంలో ఆగిపోతుందని భయం.

జడ్జిగారి ముఖంలో ఏదో కదిలింది. దయా, విసుగా, చెప్పలేం. అంతలో బెంచి గుమాస్తా వంగి ఆయన చెవి దగ్గర గుసగుసలాడాడు. గుసగుసే గానీ, ముందు వరసలో అందరికీ వినిపించింది.

"ఈ హెచ్చరిక మీద ఆమె పైకోర్టుకు వెళ్తే వాళ్లు గది సంగతి అడుగుతారండీ. ఆమె మీద ఏమీ లేకపోతే వెళ్లడానికి ఆమెకు కారణమే ఉండదు."

న్యాయం ఎప్పుడూ ముందు తలుపు గుండానే రాదు. ఆ రోజు అది గుమాస్తా నోటి గుండా వచ్చింది. జడ్జిగారు గొంతు సవరించుకున్నారు.

"అదంతా కొట్టెయ్యమ్మా. ఇలా రాయి. తల్లి కోర్టు ఆదేశం ప్రకారం బిడ్డతో హాజరైంది. గది అందుబాటులో లేనందున కలయిక జరగలేదు. ఆమె వల్ల ఎలాంటి ధిక్కారమూ జరగలేదు. తండ్రిని, జరిగినదాన్ని జరిగినట్టు చెప్పవలసిందిగా హెచ్చరించి, ఈ పిటిషన్ను ముగించడమైనది." గుమాస్తా వైపు తిరిగారు. "వచ్చే ఆదివారం నుంచి గేటు తీసి ఉంచాలి. గది ఖాళీ చేయించాలి. పిల్లిని జాగ్రత్తగా పక్కకి మార్చండి."

వసారాలోకి రాగానే ప్లీడరు గారు చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. "చూశావా అమ్మా, నిన్నలా మాట్లాడనివ్వడమే నా ఎత్తుగడ!"

"అవునండీ," అంది పిచ్చుక. వాదించే ఓపిక లేదు. అక్కడి బల్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కొంగులో ముఖం పెట్టుకుని, ఆపుకున్నదంతా ఏడ్చేసింది.

*

ఆదివారం గేటు తీసి ఉంది. గది కడిగారు. ఫైళ్ల కట్టలు పక్క గదిలోకి వెళ్లాయి. ఆ పక్క గదికి ఇప్పుడు తాళం పడింది.

పిల్ల తండ్రి వచ్చాడు. ఒక్కడే రాలేదు. తను వచ్చినట్టు సాక్ష్యం ఉండాలని వాళ్ల ప్లీడరును కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ఆదివారమైనా నల్లకోటు విప్పలేదు. ఇద్దరూ పిల్లల కోసం వేసిన బుల్లి కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగులుతూ కూర్చున్నారు.

చిట్టి గుమ్మంలో ఆగిపోయి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తండ్రి ఇల్లు వదిలేనాటికి దానికి మాటలే సరిగ్గా రావు.

"అమ్మా, నాన్న ఏది వీళ్లల్లో?"

గదిలో ముగ్గురూ పిచ్చుక వైపు చూశారు. పిల్ల తండ్రి పైకి లేవబోయి, కుర్చీ తనతో పాటు లేచేసరికి మళ్లీ కూర్చుండిపోయాడు. చేపలతో మాట్లాడిన మనిషి ఇప్పుడు చొక్కా అంచు సర్దుకుంటున్నాడు. పిచ్చుకకు ఎప్పటి భయాలే. పిల్ల అటు వెళ్తే తిరిగి రాదేమో, ఇష్టపడితే ఎలా, ఇష్టపడకపోతే మళ్లీ తన మీదికే వస్తుందేమో. కానీ పిల్ల అడిగింది తనను. జవాబు తన దగ్గరే ఉంది.

"కోటు లేనాయన," అంది.

చిట్టి మెల్లగా నడిచి వెళ్లి, అతని ఎదుట నిలబడి, ఎడమ కాలు ముందుకు చాపింది. చెప్పు పట్టీ ఊడి వేలాడుతోంది.

"పెట్టు," అంది.

అతను కుర్చీ వదిలించుకుని నేల మీద కూర్చున్నాడు. పట్టీ పట్టుకుని ఏ కన్నంలో పెట్టాలో తెలియక, ఒకదాంట్లో పెట్టి, బిగువైందేమోనని తీసి, ఇంకోదాంట్లో పెట్టి, వదులైందేమోనని మళ్లీ తీశాడు. వాళ్ల ప్లీడరు సలహా ఇవ్వబోయి ఊరుకున్నాడు. చివరికి అతను తలెత్తి, గుమ్మంలో నిలబడిన పిచ్చుకను చూశాడు. ఈసారి ముఖంలో ఏ సాధనా లేదు.

"మూడోది," అంది పిచ్చుక. "మరీ లాగొద్దు, దానికి పాదం ఎర్రబడుతుంది."